ఒకే గిటార్‌లో రెండు నాదాలు: హెచ్‌ఎస్‌ఎస్ అమరిక వెనుక చరిత్ర

ఎలక్ట్రిక్ గిటార్ కొనబోయేవారిని దుకాణంలో ముందుగా తికమక పెట్టేవి గిటార్ పేరు పక్కన ఉండే ఎస్‌ఎస్‌ఎస్, హెచ్‌హెచ్, హెచ్‌ఎస్‌ఎస్, హెచ్‌ఎస్‌హెచ్ అనే అక్షరాలు. ఎస్ అంటే సింగిల్ కాయిల్ పికప్, హెచ్ అంటే రెండు కాయిల్స్ ఉండే పికప్, హంబకర్. సాధారణంగా బ్రిడ్జ్ (బాడీపై తీగలు ఆనే చోటు) వైపు నుంచి నెక్ (వేళ్లతో తీగలు నొక్కే మెడ) వైపు వరకు ఏ పికప్ ఎక్కడ ఉందో ఆ వరుస చెబుతుంది. ఒక్క గిటార్‌తోనే అన్ని రకాల పాటలూ వాయించుకోవాలని అడిగేవారికి అమ్మేవారు ఎక్కువగా హెచ్‌ఎస్‌ఎస్ గిటార్‌నే చూపుతారు. ఆ సలహా చాలావరకు సరైనదే. అది ఎందుకు సరైనదో, ఎక్కడ సరిపోదో అర్థం కావాలంటే మాత్రం, 1950లలో అమెరికాలోని ఫెండర్, గిబ్సన్ అనే రెండు కంపెనీలు వేరువేరు దారులు పట్టిన తీరు తెలియాలి.

పికప్ పనిచేసే సూత్రం కష్టమైనదేమీ కాదు. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుడతారు. దానిపైన గిటార్ ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రంలో మార్పు వచ్చి, కాయిల్‌లో విద్యుత్ సంకేతం పుడుతుంది. జార్జ్ బీచమ్ రూపొందించగా అడాల్ఫ్ రికెన్‌బాకర్ భాగస్వామ్యంతో 1932లో అమ్మకానికి వచ్చిన అల్యూమినియం గిటార్, ఒడిలో పెట్టుకుని వాయించేది, ఈ సూత్రంతోనే పనిచేసింది. 1936లో గిబ్సన్ తెచ్చిన ఈఎస్-150ను చార్లీ క్రిస్టియన్ చేతపట్టాక, అంతవరకు జాజ్ బృందంలో తాళానికే పరిమితమైన గిటార్ సాక్సఫోన్‌కు దీటుగా వినిపించసాగింది. కర్ణాటక సంగీత శ్రోతలైన తెలుగువారికి కూడా ఈ సూత్రం పరిచయమైనదే. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్‌పై గమకాలను అంత సాగదీసి పలికించగలిగారంటే, ఆయన చేతిలోనిది ఎలక్ట్రిక్ మాండలిన్ కావడం అందుకు ఒక కారణం.

ఈ పికప్‌కు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. గిటార్ తీగ కదలికను పట్టుకునే కాయిల్, చుట్టుపక్కల కరెంటు వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, లైట్లు వెదజల్లే విద్యుదయస్కాంత తరంగాలను కూడా యాంటెన్నాలాగా పట్టుకుంటుంది. కరెంటు సరఫరా అమెరికాలో 60 హెర్ట్జ్, మన దేశంలో 50 హెర్ట్జ్ కాబట్టి హమ్ (ఎడతెగని గుంయ్‌మనే రొద) శ్రుతిలో స్వల్ప తేడా ఉండవచ్చు గానీ బాధ ఒకటే. ఫంక్షన్ హాల్లో రంగురంగుల లైట్ల కింద సింగిల్ కాయిల్ గిటార్‌తో ఆర్కెస్ట్రాలో వాయించినవారెవరికీ దీన్ని వేరే వివరించనక్కరలేదు.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ ఈ హమ్‌తో సర్దుకుపోయి, స్పష్టతకు పెద్దపీట వేశారు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌లో మూడు సింగిల్ కాయిల్స్ ఉండేవి. ఒక్కొక్కదానిలో సుమారు 8,000 చుట్లు, కాయిల్ మధ్యలో నిలువుగా ఆరు అయస్కాంత కడ్డీలు. మీటిన వెంటనే పుట్టే గలగల, హార్మోనిక్స్‌లోని, అంటే మూల స్వరంతోపాటు పలికే పై స్వరాల్లోని మెరుపు ఆ నిర్మాణం నుంచే వస్తాయి. బ్రిడ్జ్ దగ్గర తీగ కంపించే వెడల్పు తక్కువ కాబట్టి అక్కడి పికప్ పదునుగా, సన్నగా వినిపిస్తుంది. నెక్ వైపు కంపనం వెడల్పుగా ఉంటుంది కాబట్టి అక్కడి పికప్ గుండ్రంగా, నిండుగా పలుకుతుంది. మూడు చోట్ల మూడు పికప్‌లు పెట్టడం వెనుక ఉన్న ఆలోచన ఇదే.

మిషిగన్‌లోని కలమజూలో గిబ్సన్ ఇంజినీరు సెత్ లవర్ ఇదే చిక్కును మరోవైపు నుంచి పరిష్కరించారు. రెండు కాయిల్స్‌ను పక్కపక్కన పెట్టి, ఒకదాని అయస్కాంత ధ్రువాన్ని, చుట్టు దిశను రెండోదానికి వ్యతిరేకంగా అమర్చారు. బయటినుంచి వచ్చే హమ్ రెండింటిలో ఎదురెదురుగా పుట్టి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. తీగ నుంచి వచ్చే సంకేతం మాత్రం రెండింటిలో ఒకే దిశలో పుట్టి కలిసిపోతుంది. 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేయగా 1959లో మంజూరయింది. ఈలోగా 1957 నుంచే హంబకర్ అనే ఈ పికప్ గిబ్సన్ లెస్ పాల్ గిటార్లలో అమరింది. గ్రెచ్ కంపెనీ కోసం రే బట్స్ కూడా ఇంచుమించు అదే కాలంలో ఇలాంటి పికప్‌నే తయారుచేశారు. హమ్ పోవడంతోపాటు నాదం కూడా మారిపోయింది. తీగ కదలికను రెండు చోట్ల ఒకేసారి పట్టడం వల్ల కొన్ని పై హార్మోనిక్స్ పరస్పరం తగ్గిపోతాయి. రెండు కాయిల్స్ కలవడం వల్ల ఇండక్టెన్స్ (విద్యుత్ మార్పులను అడ్డుకునే గుణం) పెరిగి నాదంలోని మెరుపు కిందికి దిగుతుంది. ఫలితంగా మందమైన, బలమైన శబ్దం వచ్చింది, అది యాంప్లిఫయర్‌ను సులువుగా డిస్టార్షన్‌లోకి, అంటే గరుకుగా పగిలిన శబ్దంలోకి నెట్టింది. హమ్‌ను అడ్డుకోవడానికి పుట్టిన పరికరం చివరికి రాక్ సంగీతపు గొంతు అయింది. 1966 ప్రాంతంలో బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ లెస్ పాల్‌ను మార్షల్ యాంప్లిఫయర్‌కు జోడించి వినిపించినది ఆ శబ్దమే. 1970 నాటికి ఆయనే స్ట్రాటోకాస్టర్‌కు మారారు. రెండు నాదాలూ కావాలంటే అప్పట్లో రెండు గిటార్లు ఉండాల్సిందే.

వాటిని ఒకే గిటార్‌లోకి తేవాలనే ప్రయత్నాలు అప్పటికే మొదలయ్యాయి. గిబ్సన్ 1959లో ఈఎస్-345పై వారిటోన్ అనే ఆరు స్థానాల స్విచ్ పెట్టింది. చోక్, కెపాసిటర్ల సాయంతో అది సంకేతంలో కొన్ని పౌనఃపున్యాలను తగ్గించేది. తర్వాత చాలామంది దాన్ని పీకించుకున్నారు. అందుకు కారణం ఊహించడం కష్టం కాదు: పికప్ పట్టుకోని ధ్వనిని ఏ ఫిల్టరూ తెచ్చిపెట్టలేదు. స్విచ్ స్థానాలను లెక్కపెట్టి గిటార్ ఎంచుకునేవారు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి. ఇక సెత్ లవర్ 1967లో ఫెండర్‌లో చేరి, ఫెండర్ మెరుపును నిలుపుకునే హంబకర్ కోసం కృషి చేశారు. 1972 టెలికాస్టర్ కస్టమ్‌లో నెక్ వైపు ఆయన హంబకర్, బ్రిడ్జ్ వైపు పాత సింగిల్ కాయిల్ ఉండేవి. రెండు కుటుంబాలు ఒకే చెక్కపైకి వచ్చిన తొలి నమూనాల్లో అదొకటి.

అసలు మార్పు కంపెనీల నుంచి కాక వాయించేవారి నుంచి వచ్చింది. స్ట్రాటోకాస్టర్ స్విచ్‌కు మొదట మూడు స్థానాలే ఉండేవి. దాన్ని రెండు స్థానాల మధ్య జాగ్రత్తగా నిలిపితే పక్కపక్కనున్న రెండు పికప్‌లు కలిసి, కాస్త బోలుగా, గాజు మోగినట్టు వినిపిస్తాయని వాదకులు కనిపెట్టారు. ఫెండర్ 1977లో గానీ ఐదు స్థానాల స్విచ్ అమర్చలేదు. అప్పటికి ఆ మధ్య స్థానాల నాదం ఎందరో వాదకులకు అలవాటైపోయింది. 1970ల చివర గిటారిస్టు మార్క్ నాఫ్లర్ వాదనంతో దాన్ని ప్రపంచమంతా విన్నది. తర్వాతి కాలంలో మధ్య పికప్‌ను వ్యతిరేక దిశలో చుట్టి, ధ్రువాన్ని కూడా తిప్పి పెట్టడంతో ఆ స్థానాల్లో హమ్ కూడా తగ్గింది.

రాక్ గిటారిస్టు ఎడ్వర్డ్ వాన్ హేలెన్ 1970ల మధ్యలో ఇంకో అడుగు ముందుకు వేశారు. ఆయనకు గిబ్సన్ శబ్దమూ కావాలి, మీటతో తీగల శ్రుతిని ఊపే ఫెండర్ ట్రెమోలో బ్రిడ్జూ కావాలి. అందుకని స్ట్రాటోకాస్టర్ ఆకారపు బాడీని కొని, బ్రిడ్జ్ దగ్గర గిబ్సన్ నుంచి తీసిన హంబకర్‌ను స్వయంగా బిగించుకున్నారు. ఆ గిటార్‌కు పనిచేసే పికప్ ఒక్కటే, తిప్పడానికి నాబ్ కూడా ఒక్కటే. నేడు అన్నింటికీ పనికొస్తుందని అమ్మే హెచ్‌ఎస్‌ఎస్ గిటార్ల పూర్వీకుడు ఒకే ఒక్క శబ్దం కోసం తయారైన గిటార్ కావడం ఈ చరిత్రలో నాకు అన్నింటికన్నా ఆసక్తి కలిగించే మలుపు. అదే కాలంలో డిమార్జియో, 1976 నుంచి సేమూర్ డంకన్ వంటి సంస్థలు విడిగా పికప్‌లు అమ్మడం మొదలుపెట్టాయి. నాలుగు వైర్లతో వచ్చిన హంబకర్‌లలో ఒక కాయిల్‌ను ఆపేసి రెండోదాన్ని మాత్రమే వినగలిగే సౌకర్యం, అంటే కాయిల్ స్ప్లిట్, ఇంట్లో సోల్డరింగ్ చేసుకునేవారికి కూడా అందింది.

1980లలో ఈ పాయలన్నీ కలిశాయి. ఒకే రోజు ప్రకటన సంగీతానికీ, బాలడ్‌కీ, హార్డ్ రాక్‌కీ వాయించాల్సిన లాస్ ఏంజెలెస్ స్టూడియో వాదకులకు బ్రిడ్జ్‌లో హంబకర్, మిగతా రెండు చోట్ల సింగిల్ కాయిల్స్ ఉన్న గిటార్ ఎంతో అనుకూలించింది. 1985లో మొదలైన పాల్ రీడ్ స్మిత్ కంపెనీ (పీఆర్‌ఎస్) రెండు హంబకర్లకు ఐదు స్థానాల రోటరీ స్విచ్ జోడించింది. దాని స్కేల్ పొడవు (తీగ కంపించే భాగం పొడవు) 25 అంగుళాలు, అంటే ఫెండర్ 25.5కూ గిబ్సన్ 24.75కూ మధ్యన నిలిచిన కొలత. 1987లో గిటారిస్టు స్టీవ్ వై కోసం ఐబనెజ్ చేసిన జెమ్‌లోని హెచ్‌ఎస్‌హెచ్ అమరికలో, స్విచ్‌ను రెండో, నాలుగో స్థానానికి తెస్తే హంబకర్ దానంతటదే సగమై మధ్య పికప్‌తో కలుస్తుంది. ఇప్పుడు మన దేశంలో దొరికే యమహా పసిఫికా 112వి వంటి అందుబాటు ధర గిటార్లలో కూడా హెచ్‌ఎస్‌ఎస్ అమరిక, టోన్ నాబ్ పైకి లాగితే పనిచేసే కాయిల్ స్ప్లిట్ ఉన్నాయి.

ఇన్ని దారులు కలిసినా మూల్యం చెల్లించకుండా రెండు నాదాలు దక్కలేదు. పాత తరహా హంబకర్‌లో ఒక్కో కాయిల్‌కు సుమారు 5,000 చుట్లే ఉంటాయి. దాన్ని సగం చేస్తే మిగిలేది 8,000 చుట్ల స్ట్రాటోకాస్టర్ పికప్ కాదు. పైగా అందులో అయస్కాంతం కాయిల్ మధ్యలో కాక అడుగున ఉంటుంది. అందుకే స్ప్లిట్ చేయగానే వాల్యూమ్ పడిపోయి శబ్దం బక్కచిక్కుతుంది, పోయిందనుకున్న హమ్ తిరిగి వస్తుంది. హెచ్‌ఎస్‌ఎస్‌లోనూ ఇలాంటి రాజీ ఒకటి కనపడకుండా ఉంటుంది. సింగిల్ కాయిల్‌కు 250 కిలో ఓమ్‌ల నిరోధమున్న వాల్యూమ్ నాబ్, హంబకర్‌కు 500 కిలో ఓమ్‌లది నప్పుతాయని వాడుక. ఒకే నాబ్ ఉన్నచోట ఏదో ఒకటి సర్దుకోవాలి: 500 పెడితే సింగిల్ కాయిల్స్ చెవికి గుచ్చుకోవచ్చు, 250 పెడితే హంబకర్ మసకబారవచ్చు. కొందరు తయారీదారులు అదనపు రెసిస్టర్‌తో ఈ తేడాను సరిచేస్తారు, చాలామంది చేయరు.

కాబట్టి క్లీన్ శబ్దంతో ఆర్పెజియోలు (స్వరాల గుచ్ఛాన్ని ఒక్కొక్క స్వరంగా మీటడం), కొద్దిపాటి డిస్టార్షన్‌తో సోలోలు, రెండూ వాయించేవారికి హెచ్‌ఎస్‌ఎస్‌నే మొదట చూడమంటాను. నెక్, మధ్య పికప్‌లు అందులో అసలైన సింగిల్ కాయిల్స్. స్ప్లిట్ అనేది అదనపు సౌకర్యం మాత్రమే. ఎక్కువగా భారీ డిస్టార్షన్‌తోనే వాయించి, అప్పుడప్పుడు పలుచని శబ్దం కావాలనుకునేవారికి రెండు హంబకర్ల గిటార్‌లోని స్ప్లిట్ చాలు. ఏది చూస్తున్నా దుకాణంలో యాంప్లిఫయర్‌ను ముందు ఎఫెక్టులేమీ లేకుండా క్లీన్‌లో పెట్టించి, స్విచ్ స్థానాలన్నింటిలోనూ ఒకే కార్డ్ (స్వరాల గుచ్ఛం) మీటి వినాలి. స్థానం మారినప్పుడు వాల్యూమ్ ఎంత ఎగుడుదిగుడుగా ఉందో, హంబకర్ సగమైనప్పుడు ఏ మేరకు పలుచబడిందో గమనించాలి. ఆ తర్వాత డిస్టార్షన్ పెంచి, తీగలను అరచేత్తో ఆపి, ఏ స్థానంలో హమ్ ఎంత వస్తోందో వినాలి. దుకాణంలో ట్యూబ్‌లైట్లు వెలుగుతుంటే ఈ పరీక్ష ఇంకా బాగా జరుగుతుంది.