పలుగురాళ్ల మధ్య విమానం

తొలకరి జల్లు పడి పైమట్టి కొట్టుకుపోగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలలో జనం నడుములు వంచుతారు. కర్నూలు జిల్లా వాళ్లే కాదు, అనంతపురం నుంచి, పక్కనున్న కర్ణాటక నుంచి కూడా సద్దిమూటలు కట్టుకుని వస్తారు, వజ్రాల కోసం. నేనూ ఒక ఏడాది మా మామ వెంట పోయినాను. గంటన్నరలో నాకు పదకొండు వజ్రాలు దొరికాయి. మామ వాటిని ఒక్కొక్కటే ఎండకెత్తి చూసి కింద పారేశాడు. "పలుగురాయి. ఇదీ పలుగురాయే. ఇది సీసా పెంకప్పా."

ఏరేటప్పుడు ఆ పదకొండింటిలో ఒక్కదాని మీదా నాకు అనుమానం రాలేదు. కూలిపోయిన విమానాల కోసం ఇంట్లో కూర్చుని ఉపగ్రహ చిత్రాలు గాలించే ఔత్సాహికుల సంగతి చదివినప్పుడల్లా ఆ రాళ్లే గుర్తొస్తాయి.

ఈ పని పెద్ద ఎత్తున జరిగింది 2007లో. బెలూన్‌లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టొచ్చిన అమెరికా సాహసి స్టీవ్ ఫాసెట్ ఆ ఏడాది సెప్టెంబరు 3న నెవాడాలో ఒక చిన్న విమానం ఎక్కి మళ్లీ దిగలేదు. ఆ ప్రాంతపు ఉపగ్రహ చిత్రాలను చిన్న చిన్న ముక్కలుగా కోసి, చిన్న చిన్న పనులను జనానికి పంచిపెట్టే అమెజాన్ వారి 'మెకానికల్ టర్క్' ద్వారా ఇంటర్నెట్‌లో పెట్టారు. ఒక్కో ముక్క సుమారు 85 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న నేల. వేలమంది తెల్లవార్లూ కూర్చుని చూశారు, అనుమానం వచ్చిన చోటల్లా గుర్తు పెట్టారు. చివరికి ఏడాది గడిచాక కాలిఫోర్నియాలో మామత్ లేక్స్ దగ్గర కొండల్లో నడుస్తున్న ఒకాయనకు ఫాసెట్ గుర్తింపు కార్డులు కాళ్ల దగ్గర కనిపించాయి. శకలాలు ఆ దాపునే ఉన్నాయి.

చూసినవాళ్లు సోమరులు కారు. వాళ్లు వెతికింది విమానం బొమ్మను. రెక్కలు చాచిన శిలువ ఆకారం. పది మీటర్లు కూడా లేని రెక్కలు, చిత్రంలో ఒక్కో చుక్క అర మీటరు నుంచి మీటరు నేలను చూపిస్తుందనుకుంటే, పదీ ఇరవై చుక్కలకు మించవు. అదీ విమానం నిండుగా ఉంటేనే. కొండను గుద్దుకున్న విమానం విమానంలా మిగలదు. నుజ్జయిన రేకులు, కాలిన మసి, విరిగిన కొమ్మలు మిగులుతాయి. మనసులో ఉన్న బొమ్మకూ నేలమీద ఉన్నదానికీ పోలికే లేదు. పోలిక ఉన్నవేమో రాళ్లు, పొదలు, పాత బండి జాడలు.

ఇక్కడ కొంచెం లెక్క వేద్దాం. అంకెలు నేను ఊహించుకున్నవే. లక్ష ముక్కల్లో ఒక్కదానిలోనే విమానం ఉందనుకోండి. చూసే మనిషి మంచి కంటివాడు: విమానం ఎదురైతే నూటికి తొంభైసార్లు పట్టేస్తాడు, ఖాళీ నేలను చూసి విమానమనుకునేది నూటికి రెండుసార్లే. అయినా లక్ష ముక్కలు ముగిసేసరికి అతను దాదాపు 2,000 చోట్ల "ఇదిగో" అంటాడు. వాటిలో నిజమైనది ఉంటే ఒకటి. నా పదకొండు రాళ్లు నయం.

ముగ్గుర్ని కూర్చోబెట్టి, ముగ్గురూ ఔనన్నదే లెక్కలోకి తీసుకుంటే? రెండు శాతంలో రెండు శాతం, అందులో మళ్లీ రెండు శాతం. లక్షలో ఒక్క తప్పు కూడా సరిగ్గా మిగలదు. అసలు విమానం దొరికే అవకాశం మాత్రం నూటికి 73 దగ్గర నిలుస్తుంది. కాగితం మీద అద్భుతం. గుంపుతో వెతికించే పద్ధతులన్నిటికీ ప్రాణం ఈ లెక్కే.

అయితే ఆ ముగ్గురూ ఎవరికి వారుగా తప్పు చేస్తేనే ఈ లెక్క నిలబడుతుంది. కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు రాళ్ల దగ్గర ఆగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒకరు ఒక గుండును చూపించి "అదిగో ఏనుగు" అన్నాక, వెంట ఉన్న పదిమందికీ తొండంతో సహా ఏనుగే కనపడుతుంది. ఎవరూ చెప్పకపోయినా సగంమందికి ఏనుగే తోస్తుంది, ఎందుకంటే మనందరి కళ్లూ ఒకే రకం మోసానికి లొంగుతాయి. విమానంలాంటి గుండు ఒకటి ఉంటే అది ముగ్గురినీ మోసం చేస్తుంది, మూడువేలమందినీ చేస్తుంది. ఓట్లు పెరిగినంత మాత్రాన రాయి రెక్కలు తొడుక్కోదు.

2014 మార్చి 8న 239 మందితో మలేషియా విమానం ఎంహెచ్370 అదృశ్యమైనప్పుడు టామ్‌నాడ్ అనే వేదికలో లక్షలాది మంది సముద్రం చిత్రాలను గాలించారు. ఆ మాటకు మంగోలియా భాషలో పెద్ద కన్ను అని అర్థం. ఆ పెద్ద కంటికి నురగలూ పడవలూ చెత్తా కనిపించాయి, విమానం మాత్రం కాదు. ఆ విమానం రెక్క ముక్క ఒకటి 2015 జులైలో రీయూనియన్ దీవి ఒడ్డుకు దానంతటదే కొట్టుకొచ్చింది. 2018లోనేమో కంబోడియా అడవిలో విమానం స్పష్టంగా ఉందంటూ ఒక చిత్రం ప్రపంచమంతా తిరిగింది. ఉండటం నిజమే, అడవి మీద ఎగురుతూ ఉండి ఉంటుందంతే. ఉపగ్రహ కెమెరాలు చాలావరకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను ఒకే క్షణంలో తీయవు, రెప్పపాటు తేడా ఉంటుంది. నేల కదలదు కాబట్టి మూడూ సరిగ్గా అతుక్కుంటాయి. ఎగిరే విమానం ఆ కాస్తలోనే ముందుకు జరిగిపోతుంది కాబట్టి దాని అంచుకు రంగుల నీడలు పడతాయి. ఇది తెలిసినవాళ్లు ఒక్క చూపుతో పక్కన పెట్టే బొమ్మ అది.

నీడల తంటా ఇంకొకటి. వెలుతురు పైనుంచి పడుతుందని మన మెదడులో పాతుకుపోయిన నమ్మకం. ఉత్తరం పైకి పెట్టిన పటంలోనేమో మన ప్రాంతంలో ఎక్కువ నెలలు సూర్యుడు కిందివైపు నుంచి వెలుగుతాడు. అందుకే లోయ గుట్టగా, గుట్ట లోయగా తిరగబడుతుంది. ఫోన్లో గండికోట దగ్గర పెన్నా లోయను తెరిచి, పేరులూ గీతలూ తీసేసి కాసేపు చూడండి. నది గుట్ట ఎక్కినట్టు కనపడితే ఫోన్ తలకిందులు చేయండి.

మా ప్రాంతంలో ఈ మాటలు పుస్తకం మాటలు కావు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమల మీద జాడ తప్పినప్పుడు రోజంతా, రాత్రంతా అడవిని వెతికారు. మబ్బు కమ్మితే మామూలు ఉపగ్రహ కెమెరా గుడ్డిదే, అందుకని ఆ ఏప్రిల్‌లోనే పైకి పంపిన రాడార్ ఉపగ్రహం రీశాట్-2ను కూడా వాడారు. రాడార్ మబ్బును దాటి చూస్తుంది. కానీ దాని అలలు మూడు సెంటీమీటర్ల పొడవువి. దట్టమైన ఆకుల గుబురు దగ్గరే చాలావరకు చెదిరిపోతాయి. లోహం మెరుస్తుంది, నిజమే. రాడార్‌కు ఎదురుగా వాలిన ప్రతి కొండ చరియా అంతే మెరుస్తుంది. మరునాటి ఉదయం పావురాలగుట్ట దగ్గర శకలాలను చూసింది వాయుసేన హెలికాప్టర్లలోని మనుషులు. వెలుతురు వచ్చాక, దగ్గరి నుంచి.

ఔత్సాహికులు గెలిచిన సందర్భమూ ఉంది, నాకు చాలా ఇష్టమైనది. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద కూలింది. నాసా ఉపగ్రహం తీసిన చిత్రంలో చెన్నై ఇంజనీరు షణ్ముగ సుబ్రమణియన్ దాని శకలాన్ని పట్టుకున్నారు. ఆయన చూపింది కూలిన చోటుకు 750 మీటర్ల వాయవ్యాన ఉన్న ఒకే ఒక్క తెల్ల చుక్క. ఒక్క చుక్కలో ల్యాండర్ పోలిక ఏముంటుంది? ఏమీ ఉండదు. ఆయన వెతికింది పోలికను కాదు, తేడాను. ఆ చోటి పాత చిత్రాలను, కూలిన తర్వాతి చిత్రాన్ని పక్కపక్కన పెట్టి, మునుపు లేనిది ఇప్పుడేముందని చూశారు. చంద్రుడి మీద గాలీ వానా లేవు, చెట్లు చిగురించవు, అక్కడ కొత్త చుక్కంటే కొత్త చుక్కే. నల్లమలలో ఆ సౌకర్యం లేదు, వారం తేడాతో తీసిన రెండు చిత్రాల్లో వెయ్యి తేడాలుంటాయి. నాసా కూడా ఆయన మాటను వెంటనే ఒప్పుకోలేదు, మంచి వెలుతురులో మళ్లీ తీసి సరిచూసుకుని డిసెంబరులో ప్రకటించింది.

పసిఫిక్ మీద మాయమైన అమెరికా మహిళా పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ విమానం మాత్రం 1937 జులై నుంచీ ఇలాగే "దొరుకుతూ" ఉంది. 2024 జనవరిలో పసిఫిక్ అడుగున సోనార్‌తో, అంటే శబ్ద తరంగాలతో, తీసిన బొమ్మ ఒకటి వచ్చింది. రెక్కలు, తోక, అన్నీ ఉన్నాయి. నాకూ నమ్మబుద్ధేసింది. మామకు ఫోన్లో చూపించాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూశాడు.

"దగ్గరికి పోయి సూసినారా?"

"ఇంకా లేదు మామా. పోతారంట."

నవంబరులో పోయి చూశారు. రాళ్లు. మామకు ఫోన్ చేసి చెప్పాను.

"ఎంత లోతులో ఉండాదది?"

"దగ్గర దగ్గర అయిదు కిలోమీటర్లు."

"ఓరి దేవుడా," అన్నాడు. "మన చేను నయమప్పా. వంగితే సాలు."