ఎకో పెంచితే పింక్ ఫ్లాయిడ్ అయిపోరు

నెల్లూరు చుట్టుపక్కల తిరునాళ్లకీ కాలేజీ ఫంక్షన్లకీ సౌండ్ పెట్టడం నా పని. ఈమధ్య సొంతంగా బ్యాండు పెట్టుకున్న కుర్రాళ్లు ఎక్కువగా వస్తున్నారు. ఫోన్లో పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండు వీడియో చూపించి, "అన్నా, మాకూ ఇట్టా రావాల" అంటారు. రావచ్చు, ఎందుకు రాదు? కాకపోతే ఆ బ్యాండు గురించి వాళ్లు అనుకునేదాంట్లో సగం తప్పు.

అపోహ: ఎకో ఎంత పెంచితే పాట అంత గాల్లో తేలుతుంది.

మా దగ్గర మైకు పట్టుకున్న ప్రతివాడూ హలో అనకముందే "ఎకో పెట్టన్నా" అంటాడు. టైల్స్ వేసిన ఫంక్షన్ హాల్లో గోడలే కావలసినంత ఎకో ఇస్తాయి. దాని మీద ఇంకొంచెం పోస్తే మాటలన్నీ బురదైపోతాయి.

వాళ్ల గిటారిస్టు డేవిడ్ గిల్మర్ అప్పట్లో వాడింది బిన్సన్ ఎకోరెక్ అనే ఇటలీ పెట్టె. లోపల టేపు ఉండదు. తిరిగే అయస్కాంత చక్రం మీద శబ్దం రికార్డవుతుంది, దాని చుట్టూ ఉన్న హెడ్లు కాస్త కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపిస్తాయి. పెట్టె కొన్నంత మాత్రాన ఆ సౌండు రాదు. తిరిగొచ్చే స్వరం తాళంలో పడాలి. 60,000ని టెంపోతో, అంటే నిమిషానికి పడే బీట్ల లెక్కతో, భాగిస్తే ఒక బీటుకి ఎన్ని మిల్లీసెకన్లో తెలుస్తుంది. టెంపో 120 అయితే 500. డిలే, అంటే స్వరం తిరిగిరావడానికి పట్టే ఆలస్యం, 500 పెట్టండి, లేదా 250 పెట్టండి. 430 పెడితే డ్రమ్మర్ ఒక దారి, గిటారు ఒక దారి. మొన్నామధ్య ఒక కాలేజీ ప్రోగ్రాంలో ఎకో మొత్తం తీసేసి, డిలే ఒక్కటి లెక్క ప్రకారం పెట్టాను. ఆ కుర్రాడు వాయిస్తూ వాయిస్తూనే తలెత్తి నావైపు చూశాడు.

అపోహ: బాక్సులు అదిరితేనే జనం ఊగుతారు.

1989 జులై 15న వెనిస్‌లో నీళ్ల మీద తేలే స్టేజీ కట్టి పింక్ ఫ్లాయిడ్ వాయించింది. సుమారు 2 లక్షల మంది వచ్చారు. పాత కట్టడాలు దెబ్బతింటాయని ఊరివాళ్లు భయపడితే, శబ్దాన్ని 100 డెసిబెల్ నుంచి 60కి తగ్గించడానికి బ్యాండు ఒప్పుకుంది. అరవై అంటే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేంత! మా కమిటీ పెద్దలకు ఈ మాట చెబితే నమ్మరు.

లెవెలు పెంచడం కన్నా దూరం లెక్క ముఖ్యం. శబ్దం 34 మీటర్లు పోవడానికి సెకనులో పదో వంతు పడుతుంది. తిరునాళ్లలో వీధి పొడవునా బాక్సులు పెట్టి, వెనక బాక్సులకు దూరాన్ని బట్టి డిలే ఇవ్వకపోతే, వెనకున్నవాళ్లకి ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. మైపాడు బీచ్ దగ్గర ఇంకో తంటా ఉంది. రాత్రి నేల చల్లబడ్డాక శబ్దం కిందికి వంగి చాలా దూరం పోతుంది. మనం లెవెలు ముట్టుకోకపోయినా పక్క ఊరి నుంచి ఫోన్లొస్తాయి.

అపోహ: నాలుగువైపుల నుంచి సౌండు రావడం ఈ కంప్యూటర్ల కాలం సంగతి.

1967 మే 12న లండన్ క్వీన్ ఎలిజబెత్ హాల్లోనే చేసి చూపించారు. కీబోర్డు వాయించే రిక్ రైట్, అజిమత్ కోఆర్డినేటర్ అనే పెట్టె మీద కర్ర తిప్పితే శబ్దం హాలు చుట్టూ తిరిగింది. షో అయ్యాక ఆ పెట్టెను ఎవరో ఎత్తుకుపోయారు. మైకులు పోయాయని ఇక్కడ మేమే ఏడుస్తున్నామనుకున్నా!

అపోహ: ముందు రికార్డింగు, తర్వాత స్టేజీ.

'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆల్బం వచ్చింది 1973 మార్చిలో. అందులోని పాటల వరసను 1972 జనవరి 20నే బ్రైటన్‌లో జనం ముందు వాయించారు. సాంకేతిక లోపం వచ్చి మధ్యలో ఆపేయాల్సి వచ్చింది కూడా. అయినా ఏడాదికి పైగా ఊరూరా వాయిస్తూ, మారుస్తూ పోయారు. నా దగ్గరికొచ్చే కుర్రాళ్లు రెండు ప్రాక్టీసులు చేసి స్టేజీ ఎక్కుతారు, సరిగా రాకపోతే "సౌండ్ బాగాలేదు" అంటారు.

స్టేజీ మీద ముందే రికార్డు చేసిన ట్రాకు వాడితే మోసం అనేవాళ్లకి ఒక్క మాట. గడియారాలు, మనుషుల మాటలు వాళ్లు షోల్లో టేపు నుంచే వేసుకున్నారు, వాయించేది మాత్రం వాయించారు.

అపోహ: ఇటలీలోని పాత నగరం పాంపే శిథిలాల్లో పింక్ ఫ్లాయిడ్ వాయించిన వీడియో మొత్తం అక్కడే తీశారు.

1971 అక్టోబర్లో అక్కడ వాయించింది కొన్ని పాటలే, మిగతావి పారిస్ స్టూడియోలో తీశారు. పెదాలాడించి సరిపెట్టం, నిజంగానే వాయిస్తాం అన్నది బ్యాండు పట్టుదల. దాంతో అంత సామాను మోసుకుపోయారు. తీరా చూస్తే కరెంటు చాల్లేదు. ఊళ్లోంచి కేబుల్ లాగేదాకా పని మొదలవలేదు. ఇది చదివినప్పుడు నాకు కందుకూరు దగ్గరి ఒక ప్రోగ్రాం గుర్తొచ్చింది. జనరేటర్ మొరాయిస్తే పక్కింటివాళ్లని బతిమాలి లైను తెచ్చుకున్నాం, మా వైరు స్టేజీకి పది అడుగులు తక్కువైంది. ఇప్పుడు వ్యాన్లో ఏమున్నా లేకపోయినా వంద మీటర్ల కేబుల్ చుట్ట మాత్రం ఉంటుంది.