సగం కట్టి కారు అప్పగించాక మళ్లీ మైళ్ల బిల్లా?

బ్రిటన్‌లో ఫైనాన్స్ మీద తీసుకున్న కారును గడువుకు ముందే తిరిగిచ్చే హక్కు ఉంది. చట్టం చెప్పినట్టు మొత్తం ధరలో సగం కట్టేసి, ఉత్తరం రాసి, తాళాలు అప్పగిస్తే చాలు. లారీ వచ్చి బండిని ఎక్కించుకుపోతుంది. హమ్మయ్య అనుకునేలోపు ఫైనాన్స్ కంపెనీ నుంచి ఇంకో బిల్లు వస్తుంది. ఒప్పందంలో రాసినదానికన్నా ఇన్ని వేల మైళ్లు ఎక్కువ తిప్పారు, మైలుకు ఇన్ని పెన్స్ చొప్పున ఇంత కట్టండి అని. సగంతో సరి అని చట్టమే చెబుతుంటే ఈ కొత్త బాకీ ఎక్కడిదని తీసుకున్నవాళ్లు అడుగుతారు. సంతకం పెట్టింది మీరే కదా అని కంపెనీ అంటుంది. ప్రాజెక్టు అయిపోయో, వీసా గడువు తీరిపోయో ఇండియాకు తిరిగొచ్చే తెలుగువాళ్లకైతే ఈ బిల్లు సరిగ్గా సామాను సర్దుకునే రోజుల్లోనే వచ్చి పడుతుంది.

ఈ గొడవలో ఇద్దరి మాటకూ ఎంతో కొంత ఆధారం ఉంది. తిరిగిచ్చే హక్కు ఒక కాలంలో పుట్టింది, మైళ్ల లెక్క ఇంకో కాలంలో పుట్టింది. రెండింటినీ ఎవరూ కూర్చోబెట్టి కలపలేదు.

తిరిగిచ్చే హక్కు కారుకన్నా ముందు పియానోకు వచ్చింది. బ్రూస్టర్ అనే ఆయన హెల్బీ అనే వ్యాపారి దగ్గర నెలకు 10 షిల్లింగుల 6 పెన్స్ చొప్పున 36 నెలలు కట్టేలా ఒక పియానో తీసుకున్నాడు. అన్నీ కడితే అది అతనిదవుతుంది, మధ్యలో వద్దనుకుంటే వెనక్కిచ్చేయొచ్చు. నాలుగైదు వాయిదాలైనా పూర్తిగా గడవకముందే దాన్ని తీసుకెళ్లి తాకట్టు పెట్టేశాడు. పియానో ఎవరిదన్న తగాదా అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. 1895లో తీర్పు వచ్చింది: వద్దనుకుంటే వెనక్కిచ్చే వీలున్నవాడు కొంటానని కట్టుబడినట్టు కాదు, కాబట్టి వస్తువు ఇంకా వ్యాపారిదే, తాకట్టు చెల్లదు. ఇలా అద్దెకిచ్చినట్టు ఇచ్చి, వాయిదాలన్నీ కట్టాకే సొంతం చేసే పద్ధతినే హైర్ పర్చేజ్ అంటారు. ఆ వ్యాపారమంతా ఈ తీర్పు నీడలోనే పెరిగింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కొనేవాడి మీద జాలితో ఒప్పందంలో వెనక్కిచ్చే షరతు పెట్టలేదు. అమ్మేవాడి సొత్తు చేయిదాటిపోకుండా అదే కాపాడింది. ఇవాళ ఫైనాన్స్ కంపెనీలు చికాకు పడే హక్కుకు మూలం వాళ్ల తాతల కాలం నాటి వ్యాపారులు రాసుకున్న కాగితాల్లోనే ఉంది.

1930లు వచ్చేసరికి బ్రిటన్‌లో కుర్చీలు, మంచాలు, కుట్టుమిషన్లు, రేడియోలు అన్నీ వాయిదాల మీదే ఇళ్లకు చేరుతున్నాయి. సొత్తు అమ్మేవాడిదే కాబట్టి ఒకటి రెండు వాయిదాలు తప్పితే మనుషులొచ్చి సామాను ఎత్తుకుపోయేవాళ్లు. ముప్పాతిక కట్టినా, ఆఖరి రెండు వాయిదాలే మిగిలినా అంతే. మన దగ్గర ‘ఫైనాన్సోళ్లు బండి సీజ్ చేశారు’ అంటామే, అచ్చం అదే. తీసుకెళ్లినదాన్ని మళ్లీ ఇంకొకరికి వాయిదాల మీద అమ్మేవాళ్లు. కొందరికి ఇదే అసలు వ్యాపారం అయిపోయింది. జారో నియోజకవర్గ లేబర్ ఎంపీ ఎలెన్ విల్కిన్సన్ దీని మీద పట్టుబట్టారు. 1936లో నిరుద్యోగులు లండన్ వరకు చేసిన పాదయాత్రలో వాళ్లతో కలిసి నడిచిన ఆవిడే ఈమె. ప్రభుత్వం తెచ్చే బిల్లు కోసం ఆగకుండా సొంతంగా ప్రైవేటు బిల్లు పెట్టి 1938లో హైర్ పర్చేజ్ చట్టం చేయించారు.

ఆ చట్టంలోని రెండు లెక్కలు ఇప్పటికీ బతికే ఉన్నాయి. మూడో వంతు కట్టేశాక కోర్టు ఉత్తర్వు లేకుండా వస్తువును లాక్కెళ్లకూడదు. కొన్నవాడు వద్దనుకుంటే మొత్తంలో సగం వరకు చెల్లించి వెనక్కిచ్చి బయటపడొచ్చు. ఆ సగం ఏ తూకం వేసి తేల్చిన అంకెలాగా నాకు కనిపించదు. ఇటూ అటూ ఒప్పుకునే చోట గీసిన గీతలాగే ఉంటుంది. మోటారు వాహనాలకు ఈ చట్టం 50 పౌండ్ల లోపు ధరకే వర్తించింది, అంటే కార్లు చాలావరకు బయటే ఉండిపోయాయి. ఆ పరిమితి 1954లో 300 పౌండ్లకు, 1964లో 2,000 పౌండ్లకు పెరిగింది.

చట్టం గొడుగు కింద లేనివాళ్ల పరిస్థితి ఏమిటో బ్రిడ్జ్ అనే ఆయన కేసు చూపించింది. ఆయన 1959లో ఒక బెడ్‌ఫోర్డ్ డోర్మొబైల్ వ్యాన్ తీసుకున్నారు. హైర్ పర్చేజ్ ధర 482 పౌండ్ల 10 షిల్లింగులు. మొదటి సొమ్ము, ఒక్క వాయిదా కట్టాక ఇక నావల్ల కాదని ఉత్తరం రాసి వ్యాన్ తిరిగిచ్చేశారు. ఒప్పందం ప్రకారం ఎప్పుడు తిరిగిచ్చినా ధరలో మూడింట రెండు వంతులు పూర్తి చేయాలి. 1962లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆయన్ని వదిలేసింది, కానీ దారి విచిత్రమైనది. ఆయన తిరిగిచ్చే హక్కు వాడుకోలేదు, ఒప్పందాన్ని ఉల్లంఘించారు, ఉల్లంఘనకు ఇంత జరిమానా చెల్లదు అన్నారు. ఆ కేసు విన్న జడ్జిల్లో ఒకరైన లార్డ్ డెన్నింగ్‌కు ఇది మింగుడు పడలేదు. మాట తప్పినవాణ్ని ఆదుకుని, ఒప్పందంలోని హక్కును పద్ధతిగా వాడుకున్నవాణ్ని శిక్షించడం వింత కాదా అని ఆయన వేసిన ప్రశ్న లా కాలేజీల్లో ఇప్పటికీ చదువుతారు.

వినియోగదారుల అప్పుల మీద వేసిన క్రౌథర్ కమిటీ 1971లో నివేదిక ఇచ్చాక 1974లో కన్స్యూమర్ క్రెడిట్ చట్టం వచ్చింది. పాత హక్కు అందులో 99, 100 సెక్షన్లుగా కూర్చుంది. ఆఖరి చెల్లింపు గడువు రాకముందు ఎప్పుడైనా రాతపూర్వకంగా ఒప్పందం ముగించవచ్చు. అప్పటికి సగం కట్టకపోయి ఉంటే తక్కువైనంత కట్టాలి, అప్పటికే బకాయి పడ్డ వాయిదాలుంటే అవీ కట్టాలి. సగం దాటి కట్టి ఉంటే మిగిలింది వెనక్కి రాదు. కంపెనీకి జరిగిన నష్టం అంతకన్నా తక్కువే అని కోర్టుకు తోస్తే ఆ సగాన్ని కూడా తగ్గించవచ్చు. పెంచడానికి మాత్రం ఒకే కారణం రాశారు: వస్తువును తగిన జాగ్రత్తతో చూసుకోకపోవడం. ఈ రక్షణలను తగ్గించే షరతు ఒప్పందంలో రాసుకున్నా చెల్లదని 173వ సెక్షన్ చెబుతుంది. చట్టానికి ఉన్న 25,000 పౌండ్ల పరిమితిని కూడా 2008లో తీసేశారు, దాంతో ఖరీదైన కార్లకూ ఈ హక్కు వచ్చేసింది.

మైళ్ల మాట ఈ సెక్షన్లలో ఎక్కడా లేదు. 1974లో దాని అవసరం ఎవరికీ కనిపించి ఉండదు. హైర్ పర్చేజ్ అంటే చివరికి బండి మనదవుతుంది, ఎంత తిప్పుకుంటే ఎవరికేం అన్న రోజులవి.

లెక్క మారింది 1990ల మొదట్లో. ఫోర్డ్ కంపెనీ ‘ఆప్షన్స్’ పేరుతో బ్రిటన్‌లోకి తెచ్చిన పద్ధతి తర్వాత పీసీపీ (పర్సనల్ కాంట్రాక్ట్ పర్చేజ్) అనే పేరుతో అన్ని షోరూములకూ పాకింది. ఇప్పుడు సొంతానికి కొత్త కారు ఫైనాన్స్‌లో తీసుకునేవాళ్లలో ఎక్కువమంది దారి ఇదే. చట్టం కళ్లకు ఇది కూడా హైర్ పర్చేజే. లోపలి పని మాత్రం వేరు. మూడు నాలుగేళ్ల తర్వాత ఆ కారు ఎంత చేస్తుందో కంపెనీ ముందే అంచనా కట్టి, ఆ మొత్తాన్ని చివరికి నెడుతుంది. దాన్నే బెలూన్ అంటారు. ఈలోగా కారు విలువ ఎంత తరుగుతుందో అంతకు, పైన మొత్తం అప్పు మీద వడ్డీకి మాత్రమే నెలనెలా కడతాం. చివర్లో బెలూన్ కట్టి కారు ఉంచుకోవచ్చు, తిరిగిచ్చేయొచ్చు, లేదా మార్చుకోవచ్చు.

తరుగుదలను అమ్ముతున్నప్పుడు దాన్ని కొలిచే మీటరు కావాలి. ఓడోమీటరే ఆ మీటరు. ఏడాదికి 8,000 మైళ్లు అంటే చివరి విలువ ఎక్కువ, నెల వాయిదా తక్కువ. 15,000 మైళ్లు అంటే వాయిదా పెరుగుతుంది. షోరూములో అందరి చూపూ నెలకు ఎంత అన్న దగ్గరే ఆగుతుంది కాబట్టి మైళ్ల గడిలో చిన్న అంకె పడిపోవడం మామూలే. తర్వాత ఉద్యోగం మారుతుంది. రీడింగ్ అనే ఊళ్లో ఇల్లు పెట్టుకుని బ్రిస్టల్‌లోని క్లయింట్ ఆఫీసుకు వారానికి రెండు రోజులు ఎం4 మోటార్‌వే మీద వెళ్లొస్తే దానికే ఏడాదికి 13 వేల మైళ్లు అవుతాయి.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. డిపాజిట్ 2,000 పౌండ్లు, నెలకు 280 చొప్పున 47 వాయిదాలు, ఫీజుతో కలిపి బెలూన్ 8,500. మొత్తం 23,660. బెలూన్ కూడా ఈ మొత్తంలో కలిసిపోవడం వల్ల సగం చేరుకోవడానికి చాలాకాలం పడుతుంది. సగం 11,830. 35 వాయిదాలకు కట్టింది 11,800, ఇంకా 30 పౌండ్లు తక్కువ. 36వ వాయిదాతో గీత దాటుతాం. ఆ నెలలో కారు తిరిగిచ్చేశాం అనుకుందాం. మైళ్ల పరిమితి ఏడాదికి 8,000, ఓడోమీటర్ రీడింగ్ 41,000. మూడేళ్లకు 24,000 కాబట్టి 17,000 ఎక్కువ అని కంపెనీ అంటుంది. మైలుకు 9 పెన్స్ అయితే 1,530 పౌండ్లు. నాలుగేళ్ల పరిమితి 32,000ను మొత్తంగా తీసుకుంటే అదనం 9,000 మైళ్లే, బిల్లు 810. అసలు కట్టనక్కర్లేదంటే సున్నా. ఒకే కారు, ఒకే రీడింగ్, మూడు జవాబులు.

కంపెనీల వాదనకు చట్టంలో ఒక ఆసరా ఉంది. ఒప్పందం ముగించినా అంతకుముందే ఏర్పడ్డ బాధ్యతలు పోవని 99వ సెక్షన్ రెండో భాగం చెబుతుంది. ఎక్కువ మైళ్లు తిప్పినప్పుడే బాధ్యత పుట్టింది కదా అంటారు. వాయిదా తగ్గించుకున్నది తక్కువ మైళ్లు చెప్పే కదా అన్న మాటలోనూ న్యాయం లేకపోలేదు. కారు తిరిగిచ్చినవాళ్ల జవాబు: కారు అప్పగించేదాకా ఆ చార్జీ ఎంతో తేలదు, అప్పుడు తేలేది ముందే ఏర్పడ్డ బాకీ ఎలా అవుతుంది? జాగ్రత్త విషయానికొస్తే, సర్వీసింగ్ సరిగ్గా చేయించి మోటార్‌వే మీద తిప్పిన కారును అజాగ్రత్తగా వాడారనడం కష్టం. గీతలు, సొట్టలు, అరిగిన టైర్ల సంగతి వేరు. వాటికి బ్రిటిష్ వెహికల్ రెంటల్ అండ్ లీజింగ్ అసోసియేషన్ కొలతలు కంపెనీలు వాడుతుంటాయి.

నాకు కొన్నవాళ్ల వాదనే బలంగా కనిపిస్తుంది. దానికి కారణం ఒప్పందంలోనే ఉండే ఒక పెట్టె. హైర్ పర్చేజ్ కాగితం మీద ముగించే హక్కు గురించి ఏం రాయాలో నిబంధనలే చెబుతాయి. సగం ఎంతో పౌండ్లలో అంకె వేయాలి. ఆ మొత్తం, బకాయి వాయిదాలు కట్టేసి, వస్తువును జాగ్రత్తగా చూసుకుని ఉంటే ఇంకేమీ కట్టక్కర్లేదని అక్కడే ఉంటుంది. ఆ పెట్టె పక్క పేజీలోనే మైలుకు ఇన్ని పెన్స్ అని షరతు ఉంటే, చదివేవాడు ఏది నమ్మాలి? ఫిర్యాదు ఇలాంటి తగాదాలు తేల్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దాకా వెళ్తే ఒక్కో కేసునూ విడిగా చూస్తారు. ముందే ముగించినా మైళ్ల చార్జీ పడుతుందని ఒప్పందం స్పష్టంగా చెప్పిందా లేదా అన్నది అక్కడ కీలకం అవుతుంది. అందుకే పక్కింటాయన గెలిచాడని మనమూ గెలుస్తామన్న నమ్మకం పెట్టుకోకూడదు.

ఇదంతా పీసీపీ, మామూలు హైర్ పర్చేజ్ సంగతి. పీసీహెచ్ (పర్సనల్ కాంట్రాక్ట్ హైర్) అనే లీజుకు 99వ సెక్షన్ వర్తించదు. అద్దె ఒప్పందాలకు 18 నెలల తర్వాత ముగించే వీలు 101వ సెక్షన్‌లో ఉన్నా, ఏడాది అద్దె 1,500 పౌండ్లు దాటితే అదీ లేదు. కార్లన్నీ దాదాపుగా దాటేస్తాయి. ఫోన్లో ‘సరెండర్ చేస్తాను’ అనేసేవాళ్లు మరో గుంటలో పడతారు. చట్టం ప్రకారం ముగించడానికీ, కట్టలేక బండి అప్పజెప్పడానికీ చాలా తేడా. రెండోదాంట్లో కారు వేలం వేసి, తగ్గినంతా మన నెత్తినే వేస్తారు.

మనవాళ్లకు ఈ హక్కు వింతగా తోచడానికి కారణం లేకపోలేదు. ఇండియా కూడా 1972లో హైర్ పర్చేజ్ చట్టం చేసింది. తిరిగిచ్చే హక్కు అందులోనూ ఉంది. కానీ అది ఒక్కరోజు కూడా అమలు కాలేదు, 2005లో రద్దు చేసేశారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కారు లోన్ అంటే బ్యాంకు అప్పు, ఆర్‌సీ మీద హైపోథికేషన్ ముద్ర. వద్దనుకుంటే అమ్ముకుని లోన్ క్లోజ్ చేసి, ఎన్ఓసీ తెచ్చుకుని ఆర్టీఓ ఆఫీసులో ఆ ముద్ర తీయించుకోవాలి. బండి తీసుకెళ్లండి, మిగతాది మాఫీ అంటే ఏ బ్యాంకూ వినదు. ఆ అలవాటుతో బ్రిటన్‌లో సగం కట్టాక కూడా పూర్తి సెటిల్‌మెంట్ మొత్తం కట్టేసి, తర్వాత కారును నష్టానికి అమ్ముకునేవాళ్లూ ఉంటారు.

2022 చివరి నుంచి పాత ఎలక్ట్రిక్ కార్ల ధరలు బాగా పడిపోయాయి. కట్టాల్సిన బాకీకన్నా కారు విలువ తక్కువైనప్పుడు వెనక్కిచ్చేయడమే లాభం, ఆ నష్టం కంపెనీ మీద పడుతుంది. మైళ్ల చార్జీ మీద వాళ్ల పట్టుదలను ఈ వెలుతురులో చూడాలి. 1974 చట్టాన్ని మార్చే పని బ్రిటన్ ఆర్థిక శాఖ మొదలుపెట్టింది. 2022లో ప్రకటించి, 2025 మేలో మరో విడత అభిప్రాయాలు అడిగింది. చట్టంలోని చాలా భాగాన్ని ఆర్థిక సంస్థలను నియంత్రించే ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ నిబంధనల్లోకి మార్చాలన్నది ఆలోచన. ఓడోమీటర్ రీడింగ్‌ను 100వ సెక్షన్ లెక్కలోకి తేవాలా వద్దా అన్నది ఆ పనిలోనైనా ఒకే వాక్యంలో తేల్చేయొచ్చు. అది తేలేదాకా కారు అప్పగించే రోజు ఓడోమీటర్‌కూ, బండి నాలుగు వైపులకూ ఫొటోలు తీసి, ముగిస్తున్నట్టు ఇచ్చే ఉత్తరంలో 99వ సెక్షన్ పేరు స్పష్టంగా రాయడం మంచిది.