స్పృహ లేని రోగికి సెంట్రల్ లైన్ ఎక్కడ వేయాలి?

1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డేలో వెర్నర్ ఫోర్స్‌మాన్ అనే కుర్ర డాక్టరు తన మోచేతి సిరలోంచి 65 సెంటీమీటర్ల సన్నని గొట్టాన్ని గుండె దాకా పంపుకున్నాడు. పరికరాలు ఒక నర్సు అధీనంలో ఉండేవి. ప్రయోగం ఆమె మీదే అని నమ్మించి, బల్లమీద పడుకోబెట్టి చేతులు కట్టేసి, గొట్టం మాత్రం తనకే ఎక్కించుకున్నాడు. దాంతోనే నడిచి వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడు. 1956లో నోబెల్ బహుమతి పంచుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

అంతగా సహకరించే రోగి మళ్లీ దొరకడు. ఇప్పుడు ఐసీయూలో సెంట్రల్ లైన్, అంటే మందులెక్కించడానికి పెద్ద సిరలోకి పంపే ఇలాంటి గొట్టం, పడేవాళ్లలో చాలామందికి కదలొద్దన్నా అర్థం కాదు.

దారులు మాత్రం ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. 1952లో ఫ్రెంచ్ వైద్యుడు ఒబానియాక్ కాలర్ ఎముక కింద సబ్‌క్లేవియన్ సిరను గుచ్చే పద్ధతి రాశాడు. మరుసటి ఏడాది స్వీడన్‌లో సెల్డింగర్ ముందు సూది, దాంట్లోంచి తీగ, తీగ మీదుగా గొట్టం అనే వరుస చెప్పాడు. నేటికీ చేసేది అదే. 1960ల చివర్లో మెడలోని జుగులర్ సిర వాడుకలోకొచ్చింది. 2002లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ అల్ట్రాసౌండ్‌తో చూస్తూ గుచ్చమని సిఫారసు చేశాక మెడ దారికి ధీమా పెరిగింది.

2015లో ఫ్రాన్స్ ఐసీయూల్లో మూడు వేల మందికి పైగా రోగులతో చేసిన అధ్యయనం మెడ, కాలర్ ఎముక కింది సబ్‌క్లేవియన్, తొడ దారులను పోల్చింది. రక్తంలో ఇన్ఫెక్షన్, గడ్డలు కలిపి చూస్తే సబ్‌క్లేవియన్‌లోనే తక్కువ. ఊపిరితిత్తికి చిల్లుపడి చుట్టూ గాలి చేరడం మాత్రం అక్కడే ఎక్కువ. దీన్ని బట్టి సబ్‌క్లేవియనే మేలని తేల్చేయొచ్చు. మంచం పక్కన నిలబడితే లెక్క మారుతుంది.

మెదడులో రక్తస్రావమైన మనిషిని మెడ సిర ఉబ్బాలని తల కిందికి వంచి పడుకోబెడితే పుర్రెలో ఒత్తిడి పెరుగుతుంది. సబ్‌క్లేవియన్‌కి సూది లోపలున్నప్పుడు రోగి ఒక్కసారి దగ్గినా, భుజం విదిల్చినా ప్రమాదమే. తర్వాత ఆయాసం వచ్చినా నోటితో చెప్పలేడు. గొంతుకి ట్రకియాస్టమీ, అంటే ఊపిరి కోసం పెట్టిన రంధ్రం, ఉంటే కఫం మెడ డ్రెస్సింగ్ మీదికి కారుతుంది. తొడ దగ్గరైతే డైపరు ఉండనే ఉంది. ఎమర్జెన్సీలో తొడ సిర ప్రాణం నిలబెడుతుంది, నిజమే. వారాల తరబడి అక్కడే ఉంచడం నాకు సబబనిపించదు.

అందుకే పై చేతి సిరలోంచి వేసే పిక్ లైన్ వైపు చూపు మళ్లింది. ఊపిరితిత్తి భయం లేదు, తల దించక్కర్లేదు. అయితే సన్నని సిరలో లావు గొట్టం పెడితే గడ్డకడుతుంది. పక్షవాతంతో పడిపోయిన చేతిని వీలైతే వదిలేయాలి. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు ముందుముందు డయాలిసిస్ కోసం ఆ సిరలు దాచిపెట్టాలి.

ఇంకో చిక్కుంది. సగం మత్తులో ఉన్న రోగి వేళ్లు రాత్రిపూట దేన్నో వెతుకుతున్నట్టు పాకి, ప్లాస్టరు అంచు దొరికిందంటే గోటితో లేపుతాయి. తెల్లారేసరికి లైన్ దుప్పట్లో ఉంటుంది. ఆ భయంతో చేతులు కట్టేస్తే అలజడి ఇంకా పెరుగుతుంది. కొందరు డాక్టర్లు ఇప్పుడు సిరను ఒకచోట గుచ్చి, గొట్టాన్ని చర్మం కింద సొరంగంలా నడిపి, ఛాతీ మీదో తొడ మధ్యనో బయటికి తీస్తున్నారు. మరీ లాగేసేవాళ్లకైతే వీపు వైపు, భుజం వెనక. చెయ్యి అందదు. కాకపోతే పక్క మార్చినప్పుడల్లా ఆ చోటు నలగకుండా నర్సు చూసుకోవాలి.