ప్రొటీన్ డబ్బా, కిడ్నీ భయం: రెండింటి వెనకా ఉన్న చరిత్ర

బెజవాడలోనో గుంటూరులోనో జిమ్‌కెళ్ళే కుర్రాడు ప్రొటీన్ డబ్బా ఇంటికి తెస్తే నాన్నమ్మ నోట మొదట వచ్చే మాట "కిడ్నీలు పోతాయిరా". జిమ్‌లో కోచ్ మాట వేరు: "ఒంటి బరువు కిలోకి రోజుకు రెండు గ్రాములు పడాల్సిందే." రెండూ కొత్త మాటలేం కావు. తమాషా ఏమిటంటే, వాటిలో కోచ్ మాటే పాతది.

ప్రొటీన్ అన్న పేరును స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ సూచిస్తే, 1838లో డచ్చి శాస్త్రవేత్త ముల్డర్ వాడుకలోకి తెచ్చాడు. తరువాత జర్మనీలో లీబిగ్ ఒక సిద్ధాంతం లేవదీశాడు: కండ పని చేసేటప్పుడు తన ప్రొటీన్‌నే కాల్చుకుంటుంది, కాబట్టి కష్టం చేసేవాడికి మాంసం దండిగా పడాలి. మ్యూనిక్‌లో ఫోయిట్ అనే శాస్త్రవేత్త కూలి మనిషికి రోజుకు 118 గ్రాముల ప్రొటీన్ కావాలని లెక్క కట్టాడు.

లీబిగ్ మాటను పరీక్షించిన తీరు ముచ్చటైనది. 1865లో ఫిక్, విస్లిత్సెనుస్ అనే ఇద్దరు స్విట్జర్లాండ్‌లో ఫౌల్‌హార్న్ కొండ ఎక్కారు. ముందురోజు మధ్యాహ్నం నుంచే ప్రొటీన్ మానేసి, పిండి ముద్దను కొవ్వులో వేయించిన బిళ్ళలు తిని, తీపి టీ తాగారు. ఒంట్లో ప్రొటీన్ కరిగితే దాని నైట్రోజన్ మూత్రంలోనే పోతుంది, అందుకని ఎక్కేటప్పుడు, ఎక్కాక వచ్చిన మూత్రమంతా పట్టి అందులోని నైట్రోజన్ కొలిచారు. ఒంట్లో కరిగిన ప్రొటీన్ ఆ ఎక్కుడుకు చాలనే చాలదని తేలింది. పని చేయించింది పిండి, కొవ్వు. 1904లో అమెరికాలో చిటెండెన్ సైనికులకూ ఆటగాళ్ళకూ ఫోయిట్ లెక్కలో దాదాపు సగమే నెలల తరబడి పెట్టి చూశాడు. బలం తగ్గలేదు. అయినా "కండకు ప్రొటీన్" అన్న మాట మాత్రం జనంలో నిలిచిపోయింది.

ఇక కిడ్నీ భయం. దీని వెనకున్న లెక్క నిజమైనదే. ప్రొటీన్‌లో సుమారు 16 శాతం నైట్రోజన్. 100 గ్రాముల ప్రొటీన్ పూర్తిగా ఖర్చయితే లివర్ దాన్ని 34 గ్రాముల దాకా యూరియాగా మారుస్తుంది, అదంతా కిడ్నీలే బయటికి పంపాలి. అందుకే స్టాన్‌ఫర్డ్‌లో థామస్ ఆడిస్ అనే డాక్టర్, పాడైన కిడ్నీకి విశ్రాంతి కావాలని ప్రొటీన్ తగ్గించి వైద్యం చేశాడు. 1982లో బ్రెనర్ అనే కిడ్నీ డాక్టర్ బృందం, ఎక్కువ ప్రొటీన్ వల్ల వడపోత ఒత్తిడి పెరిగి, మిగిలిన కాస్త మంచి వడపోత భాగాలు కూడా దెబ్బతింటాయని వాదించింది. చాలావరకు ఎలుకల మీద, చాలా భాగం పోయిన కిడ్నీల మీద కట్టిన వాదన అది. తరువాత దాన్ని ఎవరికి పడితే వాళ్ళకి అంటగట్టేశారు.

మనుషుల్లో ఏం తేలింది? అమెరికాలో 1,624 మంది మహిళలను 11 ఏళ్ళు గమనించి 2003లో ఫలితాలు వెల్లడించారు. కిడ్నీ బాగున్నవాళ్ళలో ప్రొటీన్ ఎక్కువైనందువల్ల పనితీరు తగ్గలేదు. అప్పటికే కొద్దిగా తగ్గి ఉన్నవాళ్ళలో మాత్రం ఇంకాస్త వేగంగా తగ్గింది. గ్రాముల కంటే ముందు ఆ కిడ్నీ ఎవరిదో అడగాలన్నమాట.

మధ్యలో దీనికి పూర్తి వ్యతిరేకమైన గోల కూడా నడిచింది. ప్రపంచానికి ప్రొటీన్ కరువు ముంచుకొస్తోందని 1968లో ఐక్యరాజ్యసమితి హెచ్చరించింది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో గోపాలన్, పిల్లల్లో అసలు లోటు ఒక్క ప్రొటీన్‌లో కాదు, మొత్తం తిండిలోనే ఉందని చూపించారు. అదే సంస్థ 2020 లెక్క: పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 70 కిలోల మనిషికి 58.

మన ఇంటి తిండితో చూద్దాం. రోజుకు 300 గ్రాముల బియ్యం అన్నంలో 22 గ్రాములు, 50 గ్రాముల కందిపప్పులో 11, రెండు గుడ్లలో 12, పావు లీటరు పాలలో 8. మొత్తం 53. పొద్దున 60 గ్రాముల పెసలు నానబోసి రుబ్బి పెసరట్లు పోసుకుంటే ఇంకో 14. పైన ఒక స్కూపు పొడి వేసినా 90 దాటి కాస్తే. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి ఇది ప్రమాదం కాదు, చాలాసార్లు దండగ ఖర్చు. మొత్తం కేలరీల్లో 35 శాతం దాటి ప్రొటీనే తింటే అసలు చిక్కు మొదలవుతుంది. కొవ్వు లేని మాంసమే తిని బతకబోయిన ఉత్తర ధ్రువ ప్రాంతపు యాత్రికులకు వాంతి వికారం, విరేచనాలు పట్టుకున్నది అందుకే. కడుపు ఉబ్బరం, మలబద్ధకం లాంటివి చాలామందికి పొడిలోని పాల చక్కెర వల్లో, పీచు తగ్గినందువల్లో వస్తాయి.

అయితే మన దగ్గర "ఆరోగ్యంగా ఉన్న" అన్న మాటే అనుమానం. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ళుగా వార్తల్లో ఉంది. షుగర్, బీపీ ఉండి కిడ్నీ పరీక్ష చేయించుకోనివాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. డబ్బా కొనే ముందు కిడ్నీ పనితీరు చెప్పే రెండు పరీక్షలు, రక్తంలో సీరం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, చూపించుకోవాలి. ఆ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే డాక్టర్ని అడక్కుండా పొడి ముట్టకూడదు. జిమ్‌వాళ్ళు కండ బలానికి తినే క్రియాటిన్ పొడి వాడుతున్నా, ముందురాత్రి మటన్ గట్టిగా లాగించినా కిడ్నీ బాగున్నవాళ్ళకే క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి.

ఇంకో పొరపాటు ఉంది, ఇది నాన్నమ్మ వైపు నుంచి జరిగేది. కిడ్నీ జబ్బు ఉండి డయాలసిస్‌కు ఇంకా వెళ్ళనివాళ్ళు ప్రొటీన్ అదుపులో పెట్టుకోవాలి, నిజమే. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. ప్రతిసారీ అమైనో ఆమ్లాలు కొంత బయటికి పోతాయి కాబట్టి కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. పాత పథ్యం పట్టుకుని గుడ్డు ముట్టనివ్వక, చారన్నంతోనే సరిపెడితే రోగి ఒంట్లో కండ కరిగి మంచాన పడతాడు.