నాలుకకూ ఒక యాస ఉంటుంది

అనంతపురం నుంచి ఒక అమ్మ ఇలా అడిగింది: "మా పాపకు రెండున్నరేళ్ళు. రాగి సంగటి నోట్లో పెడితే ఉమ్మేస్తుంది. అన్నం, బిస్కెట్లు, అంగట్లో దొరికే ప్యాకెట్లు మాత్రం తింటుంది. మా అత్తేమో 'నీ మొగుడు సంగటి తినే పెరిగినాడు, దీనికేమొచ్చింది' అంటుంది. తప్పు నాదేనా?"

తప్పు ఎవరిదీ కాదు. కానీ ఆ అత్త మాటలో పెద్ద విషయమే ఉంది, అందుకే జవాబు కొంచెం పొడుగవుతుంది. చేతులు కడుక్కోవడం, పళ్ళు తోముకోవడం, వేళకు పడుకోవడం పిల్లలు ఇంట్లో చూసే నేర్చుకుంటారని అందరికీ తెలుసు. నాలుక సంగతి అలా కాదు. దాని చదువు కడుపులోనే మొదలవుతుంది.

యాస ఎలా వస్తుందో ఆలోచించండి. 'వచ్చినాడు, పోయినాడు' అనాలని కడపలో ఏ అమ్మా బిడ్డకు పాఠం చెప్పదు. ఇంట్లో మాటలు చెవిన పడీ పడీ వచ్చేస్తుంది. అది ఎంత ముందుగా మొదలవుతుందో 2009లో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. పుట్టి వారం కూడా కాని ఫ్రెంచ్, జర్మన్ బిడ్డల ఏడుపులను రికార్డు చేసి పోల్చారు. ఫ్రెంచ్ బిడ్డల ఏడుపు ఎక్కువగా కింది నుంచి పైకి లేస్తోంది, జర్మన్ బిడ్డలది పైనుంచి కిందికి దిగుతోంది. ఆ రెండు భాషల్లో మాట నడకలూ అవే. అంటే కడుపులో ఉండగా విన్న అమ్మ యాస బిడ్డ ఏడుపులోనే ఉంది!

రుచి కూడా ఇదే దారిలో వస్తుంది. చెవికి అమ్మ గొంతు ఎలాగో, నాలుకకు ఉమ్మనీరు అలాగ. నెలలు నిండే సమయానికి కడుపులో బిడ్డ రోజుకు అర లీటరుకు పైగా ఉమ్మనీరు మింగుతుంది. అమ్మ తిన్నదాని వాసనలు అందులోకి దిగుతాయి. 1995లో అమెరికాలో జూలీ మెనెల్లా బృందం కొందరు గర్భిణులకు వెల్లుల్లి ఉన్న గొట్టం మాత్రలు (క్యాప్సూళ్ళు), కొందరికి వెల్లుల్లి లేని ఉత్త మాత్రలు ఇచ్చి, తర్వాత వాళ్ళ ఉమ్మనీటిని ఇతరుల చేత వాసన చూపించింది. ఐదు జతల్లో నాలుగింట వెల్లుల్లి తిన్న తల్లిదేదో ముక్కుతోనే గుర్తుపట్టారు. అదే బృందం 2001లో మరో ప్రయోగం చేసింది. కొందరు తల్లులు గర్భం చివరి నెలల్లో, కొందరు పాలిచ్చేటప్పుడు క్యారెట్ రసం తాగారు. వాళ్ళ బిడ్డలకు ఘనాహారం మొదలుపెట్టాక క్యారెట్ రసం కలిపిన ఉగ్గు పెడితే, మిగతా బిడ్డలకంటే తక్కువగా మొహం చిట్లించారు. 2022లో ఇంగ్లండ్‌లోని డరమ్ విశ్వవిద్యాలయం వాళ్ళు స్కానింగ్‌లో నేరుగా బిడ్డ మొహమే చూశారు. తల్లి క్యారెట్ పొడి ఉన్న గొట్టం మాత్ర మింగితే నవ్వులాంటి కవళిక, కేల్ అనే చేదు ఆకు పొడి మింగితే ఏడుపులాంటి కవళిక ఎక్కువగా కనిపించాయి.

ఇక్కడ నాలుక అంటున్నా, పని ఎక్కువగా చేసేది ముక్కే. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (మాంసం, పుట్టగొడుగుల్లో తగిలే కమ్మదనం). గోంగూరను గోంగూరగా, మెంతికూరను మెంతికూరగా గుర్తుపట్టేది గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసన. (నాలుక కొన మీద తీపి, వెనక చేదు అంటూ పటం గీసి చెప్పే పాఠం తప్పు. అన్ని రుచులూ నాలుక మీద అన్ని చోట్లా తెలుస్తాయి. ఆ పటాన్ని ఇంకా పిల్లల చేత బట్టీ పట్టించడం బాధగా ఉంటుంది.)

సరే, యాసతో పోలిక ఇక్కడిదాకా బాగానే నడిచింది. ఒక చోట మాత్రం ఆగిపోతుంది. ఏ యాస మీదా పుట్టుకతో అయిష్టం ఉండదు, చేదు మీద ఉంటుంది. పుట్టిన గంటల్లోనే బిడ్డ నాలుక మీద తీపి చుక్క వేస్తే మొహం విప్పారుతుంది, చేదు చుక్క వేస్తే నోరు వెళ్ళబెడుతుంది. చేదును పట్టడానికి మనకు సుమారు 25 రకాల గ్రాహకాలున్నాయి. వాటిలో టీఏఎస్2ఆర్38 అనే దాని జన్యువు అందరిలో ఒకేలా ఉండదు, అందుకే ఒకరికి చురుక్కుమనే చేదు ఇంకొకరికి తెలియనే తెలియదు. రాగిలో ఉన్నది చేదు కూడా కాదు, వగరు. గింజ పొట్టులోని టానిన్లు అనే పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టి ముద్దకట్టిస్తాయి. నోట్లో జారుడు పోయి గరుకు తగులుతుంది. దీనికి తోడు రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలకు కొత్త తిండి మీద భయం ఎక్కువ. సొంతంగా నడిచి ఏదంటే అది నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి విషపు ఆకుల నుంచి కాపాడటానికే ఈ భయం ఏర్పడిందని శాస్త్రవేత్తల ఊహ. కవల పిల్లల మీద 2007లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఈ భయంలో పిల్లకూ పిల్లకూ ఉన్న తేడాలో నాలుగింట మూడొంతులకు పైగా వంశపారంపర్యమే. కాబట్టి ఆ తల్లి అపరాధ భావన పెట్టుకోవాల్సిన పని లేదు.

బిస్కెట్‌కూ ప్యాకెట్‌కూ ఈ చిక్కులేవీ లేవు. తీపి పుట్టుకతోనే ఇష్టం, ఉప్పు మీద ఇష్టం కొన్ని నెలలకే వస్తుంది. వంద గ్రాముల రాగిలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో పది కూడా కష్టమే. ఆ సంగతి పాప నాలుకకు తెలియదు కదా!

మరి పుట్టుకతో వచ్చిన అయిష్టం మారుతుందా? మారుతుంది, మళ్ళీ యాస వచ్చిన దారిలోనే. 1982లో లీయన్ బర్చ్ అనే అమెరికా మనస్తత్వవేత్త రెండేళ్ళ పిల్లలకు ఐదు రకాల కొత్త తిండిని కొన్ని రోజుల పాటు కొంచెం కొంచెం రుచి చూపించింది. ఒకటి రెండుసార్లే, ఒకటి ఐదుసార్లు, ఒకటి పది, ఇంకోటి పదిహేను, మరొకటి ఇరవై సార్లు. ఎన్ని ఎక్కువసార్లు నాలుకకు తగిలితే అంత ఇష్టం పెరిగింది. కళ్ళతో చూస్తే చాలదని, నోట్లో పడాల్సిందేనని తర్వాతి ప్రయోగంలో తేలింది. మన ఇళ్ళల్లో మూడోసారికే 'దీనికి పడదులే' అని తీర్పు చెప్పేస్తాం. అది చాలా తొందర. గోరంత ముద్ద చాలు, ఉమ్మేసినా పర్వాలేదు, రెండు రోజులాగి మళ్ళీ పెట్టాలి. చెనిక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) కారం తగ్గించి నూరి నంచితే ఇంకా మేలు, తెలిసిన రుచి చెయ్యి పట్టుకుని కొత్త రుచి వస్తుంది.

ఎవరు పక్కన కూర్చుని తింటున్నారన్నది కూడా ముఖ్యం. దీనికి రాయలసీమకు బాగా నప్పే రుజువొకటుంది, అది మిరపకాయ. మిరప మంట రుచి కాదు, నొప్పి. వేడి తగిలితే స్పందించే గ్రాహకమే దానికీ స్పందిస్తుంది. పాల్ రోజిన్ అనే మనస్తత్వవేత్త మెక్సికోలో ఒక పల్లెకు వెళ్ళి చూశాడు. అక్కడ పిల్లలకు ఎవరూ కారం బలవంతంగా పెట్టరు, పెద్దవాళ్ళు రోజూ ఇష్టంగా తింటుంటారు, అంతే. ఐదేళ్ళు దాటాక పిల్లలే అడిగి వేయించుకుంటారు. ఆ పల్లెలో పందులు, కుక్కలు కూడా మిగిలిపోయిన కారం తిండినే ఏళ్ళ తరబడి తిన్నాయి. వాటికి మాత్రం కారం మీద ఇష్టం పుట్టలేదు. తిండి అదే, పక్కన కూర్చుని ఇష్టంగా తినే అమ్మానాన్నలు లేరు.

ఇప్పుడు మన ఇళ్ళు చూడండి. సంగటి షుగర్ వచ్చిన జేజి తిండి అయిపోయింది. నాయనకు అన్నం, అమ్మకు అన్నం, పాపకు మాత్రం 'బలం' అని సంగటి. పాప ఎందుకు తింటుంది? ఆ ఇంట్లో సంగటి ఎవరూ మాట్లాడని యాస. వారానికి మూడుసార్లైనా అందరి పళ్ళెంలోనూ అదే ముద్ద ఉండాలి.

'ఒక్క ముద్ద తింటే చాక్లెట్ ఇస్తా' అనే లంచం మాత్రం వద్దు. 1984లో బర్చ్ బృందమే చిన్న పిల్లలకు కెఫిర్ అనే పులిసిన పాల పానీయం తాగితే బహుమతి ఇచ్చి చూసింది. పిల్లలకు ఆ పానీయం మీద ఇష్టం తగ్గింది. లంచం ఇచ్చి తినిపించేది ఎలాగూ చెడ్డదే అయి ఉంటుందని వాళ్ళ లెక్క. 'శభాష్' అనే మెచ్చుకోలునే బహుమతిగా ఇచ్చినప్పుడూ అదే జరిగింది.

చివరిగా కడుపుతో ఉన్నవాళ్ళకూ బాలింతలకూ ఒక మాట. మన వైపు బాలింతకు నెలల తరబడి వెల్లుల్లి కారం, మిరియాల చారు పెట్టి, బిడ్డకు చలవ చేస్తుందని కూరలూ పండ్లూ మాన్పిస్తారు. వెల్లుల్లి విషయంలో అవ్వలకు నా నమస్కారం. తల్లి వెల్లుల్లి తిన్న రెండు గంటల ప్రాంతంలో పాలలో ఆ వాసన బలంగా ఉంటుందని, ఆ సమయంలో బిడ్డ రొమ్మును ఎక్కువసేపు పట్టుకుంటుందని 1991లోనే రుజువైంది. ఆకుకూరలు మాన్పించడం మాత్రం తల్లికీ నష్టం, బిడ్డకూ నష్టం. రక్తం పోయిన తల్లికి అవి అందవు, బిడ్డ నాలుకకు వాటి పరిచయమే ఉండదు. ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించడం ఇంకా ప్రమాదం, ఏడాది లోపు బిడ్డకు తేనె వల్ల బొటులిజం అనే జబ్బు రావచ్చు. కాబట్టి వెల్లుల్లి కారం అట్లే ఉండనీయండి. దాని పక్కన తోటకూర పప్పు, మెంతికూర, గోంగూర, రాగి సంగటి కూడా వడ్డించండి.