దూడంటే చిన్న గేదె కాదు: సహజ మేపు గురించి అపోహలు – వాస్తవాలు

అజొల్లా (నీటి మీద తేలుతూ పెరిగే చిన్న మేత మొక్క), మునగాకు, పసుపు, వేపాకు, మజ్జిగ, బెల్లం... దూడ బలానికని రైతు ఇంట్లో ముందుగా చేతికందేవి ఇవే. వీటిలో మంచివి ఉన్నాయి. కానీ పెద్ద పశువుకు పనికొచ్చింది కదా అని కొలత తగ్గించి దూడకు పెట్టేయడం దగ్గరే తప్పు జరుగుతోంది. పుట్టిన దూడకు నాలుగు పొట్టలూ ఉన్నా, పనిచేసేది నాలుగోది ఒక్కటే. తాగిన పాలు ఒక కాలువ గుండా పెద్ద పొట్టలోకి పోకుండా నేరుగా అక్కడికే చేరతాయి. పెద్ద పొట్ట ఎదిగి నెమరు బాగా సాగేదాకా దాని అరుగుదల వేరు, గేదె అరుగుదల వేరు.

అపోహ: మాయ పడేదాకా జున్నుపాలు తాగనివ్వకూడదు.

వాస్తవం: గేదెల్లో, ఆవుల్లో రోగనిరోధక శక్తి కడుపులో ఉండగా దూడకు అందదు. జున్నుపాల ద్వారానే రావాలి. వాటిలోని రక్షక పదార్థాలను దూడ పేగు చెక్కుచెదరకుండా పీల్చుకోగలిగేది మొదటి 24 గంటల్లోనే, అదీ గంట గంటకూ తగ్గిపోతుంది. 30 కిలోల దూడకు తొలి రోజు 3 లీటర్లు పట్టాలి. అందులో సగం పుట్టిన రెండు గంటల్లోపే కడుపులో పడాలి. పైగా దూడ పొదుగు కుడిస్తే పాలు చేపడానికి విడుదలయ్యే హార్మోనే గర్భసంచినీ ముడుచుకునేలా చేస్తుంది. కాబట్టి దూడను ఆపి ఉంచితే మాయకు ఒరిగేదేమీ లేదు. జున్ను వండుకోవాలనుంటే రెండో రోజు పాలతో వండుకోండి. ఈ తొలి పాలు తప్పిన దూడకు తర్వాత ఏ ఆకు, ఏ టానిక్కు పెట్టినా ఆ లోటు తీరదు.

అపోహ: దూడ పారుతుంటే పాలు ఆపేసి బెల్లం నీళ్లో, గంజో పట్టాలి.

వాస్తవం: ఎక్కువ దూడల ప్రాణం తీస్తున్నది ఈ అలవాటే అని మా అభిప్రాయం. పంచదారను, బెల్లాన్ని విడగొట్టే ఎంజైము దూడ పేగులో ఉండదు. అరగని తీపి పేగులోనే నిలిచి ఒంట్లోని నీటిని లోపలికి లాగుతుంది. పారుడు ఇంకా ఎక్కువవుతుంది. మొదటి వారాల్లో గంజిలోని పిండి పదార్థం కూడా సరిగా అరగదు. దూడకు అరిగేది గ్లూకోజ్.

మరిగించి గోరువెచ్చగా చల్లార్చిన లీటరు నీటిలో గ్లూకోజ్ పొడి 20 గ్రాములు, ఉప్పు 3.5 గ్రాములు, వంట సోడా 2.5 గ్రాములు కలపండి. ఉప్పు, సోడా సుమారు అర టీస్పూను చొప్పున ఉంటాయి. గ్లూకోజ్ మాత్రం తూచి వేయాలి. పంచదార కలిసిన రుచుల రకం వద్దు. పారుడులో పొటాషియం కూడా పోతుంది కనుక లీటరులో ఒక గ్లాసు నీళ్లకు బదులు లేత కొబ్బరి నీళ్లు పోయవచ్చు. రోజుకు 2 నుంచి 3 లీటర్లు, మూడు నాలుగు దఫాలుగా పట్టండి. పాలు ఆపొద్దు, కొంచెం కొంచెంగా ఎక్కువ సార్లు ఇవ్వండి. పాలకూ ఈ నీటికీ మధ్య రెండు గంటల తేడా ఉండాలి. సోడా పడితే కడుపులో పాలు విరగవు, అరగవు.

కళ్లు లోపలికి పోయినా, మెడ దగ్గర చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, చెవులు చల్లబడినా, చప్పరించే శక్తి లేకపోయినా నోటి నీళ్లతో పని కాదు. సెలైన్ ఎక్కించాలి. వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. పేడలో రక్తం కనిపించినా అంతే.

అపోహ: వేపాకు, వెల్లుల్లి పెడుతుంటే నట్టల (పేగుల్లోని పురుగుల) మందు అక్కర్లేదు.

వాస్తవం: గేదె దూడల్లో పెద్ద ఏలిక పాములు తల్లి పాల నుంచే వస్తాయి. తల్లి ఒంట్లో దాగిన పిల్ల పురుగులు ఈనగానే పొదుగులోకి చేరతాయి. పాక ఎంత శుభ్రంగా ఉంచినా ఈ దారి మూసుకుపోదు. పేడ బంకమట్టి రంగులో దుర్వాసనతో రావడం, పొట్ట ఉబ్బి వెంట్రుకలు గరుకుబారడం దీని గుర్తులు. అప్పటిదాకా ఆగకుండా దూడకు 10 నుంచి 14 రోజుల వయసు మధ్య మొదటి నట్టల మందు బరువును బట్టి తాపించాలి. తర్వాత ఆరు నెలల దాకా డాక్టరు చెప్పిన గడువుల్లో వేయించాలి. ఆకులు దీనికి తోడు కావచ్చు, బదులు కావు. దూడ మన్ను నాకుతుంటే నట్టలతో పాటు ఖనిజ లవణాల లోపాన్నీ చూడండి.

అపోహ: అజొల్లా వేస్తే దాణా మానేయొచ్చు.

వాస్తవం: అజొల్లాలో మాంసకృత్తులు ఎక్కువన్నది నిజమే, కానీ ఎండబెట్టి తూచినప్పుడు. కిలో పచ్చి అజొల్లాలో ఎండు పదార్థం 60 గ్రాముల దాకా ఉంటుంది. అందులో మాంసకృత్తులు 15 గ్రాములకు మించవు. 35 గ్రాముల వేరుశనగ చెక్క కూడా అంతే ఇస్తుంది. చిన్న పొట్టను నీటితో నింపేస్తే దూడ దాణా తినదు. పెద్ద పొట్ట లోపలి గోడ ఎదగడానికి కావలసింది గింజ పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలు. అందుకే రెండో వారం నుంచే గుప్పెడు దాణా అలవాటు చేయాలి. 100 కిలోల దాణాకు కిలోల్లో: మొక్కజొన్న నూక 45, బూజు లేని వేరుశనగ చెక్క 35, గోధుమ పొట్టు 17, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. మిగిలింది రోజూ తీసేసి తాజాది పెట్టాలి. రెండు నెలలు దాటాక నీడన ఎండబెట్టిన మునగాకు కొద్దిగా కలిపితే మంచిది. అజొల్లా కూడా అప్పుడే, వాసన పోయేలా రెండు మూడు నీళ్లలో కడిగి, కొద్దిగా వేయండి.

అపోహ: పాలిచ్చే గేదెకు పెట్టే పత్తి చెక్క దూడకూ బలమే.

వాస్తవం: పత్తి గింజలోని గాసిపాల్ అనే విషాన్ని పెద్ద పశువు పొట్టలోని సూక్ష్మజీవులు చాలావరకు కట్టిపడేస్తాయి. దూడకు ఆ రక్షణ లేదు, గుండె దెబ్బతింటుంది. నాలుగు నెలల లోపు పత్తి చెక్క వద్దు. యూరియా కలిసిన దాణా, యూరియా కలిపి మాగేసిన గడ్డి ఆరు నెలల దాకా వద్దు. సుబాబుల్ ఆకు కూడా లేత దూడకు పెట్టకండి.

అపోహ: నీళ్లు తాగితే దూడ పారుతుంది.

వాస్తవం: మురికి నీళ్లు తాగితే పారుతుంది. పాలు నాలుగో పొట్టకు పోతే, నీళ్లు పెద్ద పొట్టకు చేరి అక్కడి సూక్ష్మజీవులకు ఆధారమవుతాయి. మొదటి వారం నుంచే శుభ్రమైన నీళ్లు అందుబాటులో ఉంచండి.

అపోహ: మందేదైనా తల పైకెత్తి గొట్టంతో పోసేయాలి.

వాస్తవం: తల ఎత్తి నాలుక లాగి పట్టుకుంటే దూడ మింగలేదు. పోసింది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది. నూనె అయితే మరీ ప్రమాదం. అసలు పోయకండి. పసుపు, జీలకర్ర వంటివి ముద్దగా నూరి నాలుక మీద రాయండి. ద్రవం తప్పదనుకుంటే మూతి కళ్ల ఎత్తుకు మించకుండా ఉంచి, చెంప సందులోంచి గుక్క గుక్కగా పోయండి. దగ్గు వచ్చిన క్షణమే ఆపి తల కిందికి వదిలేయండి.